రెండో ప్రాధాన్యత ఓటు

2024 నవంబరు చివర్లో ఒక సాయంత్రం మా ఇంటి బెల్లు మోగింది. డబ్లిన్‌కి ఉత్తరాన ఉన్న ఈ బోమాంట్‌లో నవంబరులో నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. బయట సన్నగా జల్లు. తలుపు తీస్తే తడిసిన కోటుతో ఒక పెద్దాయన, చేతిలో కరపత్రాలు, వెనక ఇద్దరు కుర్రాళ్ళు. పార్లమెంటుకి పోటీ చేస్తున్నానని చెప్పాడు. నేను అలవాటు కొద్దీ రోడ్డు మీదకి తొంగి చూశాను, మిగతా జనం ఏరీ అని. జీపు లేదు, మైకు లేదు, దండలు లేవు. అభ్యర్థి, ఇద్దరు కుర్రాళ్ళు, వాన. అంతే.

"మీ వీధిలో ఇబ్బందులేమైనా ఉన్నాయా?" అన్నాడు. బస్సుల గురించి రెండు ముక్కలు చెప్పి, అసలు సంగతి ముందే చెప్పడం మర్యాద అనిపించి, "నాకు ఈ ఎన్నికల్లో ఓటు లేదండీ, నేనింకా ఇండియన్ పాస్‌పోర్టు మీదే ఉన్నాను" అన్నాను. వెళ్ళిపోతాడనుకున్నాను. పోలేదు. "ఇప్పుడు లేకపోతే వచ్చేసారి ఉంటుంది. అప్పుడు మీ మొదటి ఓటు ఇంకెవరికైనా ఇచ్చినా ఫర్వాలేదు, రెండోదో మూడోదో నాకివ్వండి" అని కరపత్రం చేతిలో పెట్టి పక్కింటికి వెళ్ళాడు.

మన ఊళ్ళో ఏ అభ్యర్థయినా గుమ్మంలో నిలబడి "వేరేవాళ్ళకి వేశాక మిగిలింది నాకు వెయ్యండి" అని అడగడం మీరెప్పుడైనా విన్నారా? నేను వినలేదు. ఆ రాత్రి నుంచి ఈ దేశపు చట్టసభ గురించి చదవడం మొదలుపెట్టాను. చదువుతూ పోతే దారి తిరిగి తిరిగి మా శ్రీకాకుళం వైపుకే వచ్చింది. అందుకే ఈ పోస్టు.

ముందు పేర్లు చెప్పేస్తాను, లేకపోతే చిక్కు. ఐర్లండ్ పార్లమెంటు మొత్తాన్ని ఎరక్తస్ అంటారు. అందులో రాష్ట్రపతి ఒక భాగం, రెండు సభలు మిగతా భాగాలు. దిగువ సభ డాల్. అవును, పలకడానికి మన ఉత్తరాదివాళ్ళ పప్పు పేరులాగే ఉంటుంది, కాకపోతే ఐరిష్ భాషలో సభ అని అర్థం. ఎగువ సభ షానద్. ప్రధానమంత్రిని టీషక్ అంటారు. డాల్ సభ్యుణ్ణి టీడీ అంటారు. కొత్తలో ఆఫీసులో ఎవరో "మా టీడీకి ఉత్తరం రాశాను" అంటే నేను పసుపు జెండా ఊహించుకున్నాను.

డబ్లిన్ నడిబొడ్డులో పదిహేను ఇరవై నిమిషాలు నడిస్తే మూడు భవనాలు వస్తాయి. మూడింటిలోనూ ఈ దేశపు చట్టసభ కూర్చుంది. ఇండియా నుంచి ఎవరొచ్చినా నేను ఈ దారినే తిప్పుతాను.

మొదటిది కాలేజ్ గ్రీన్‌లో ఉంది. ట్రినిటీ కాలేజీకి ఎదురుగా పెద్ద పెద్ద స్తంభాల రాతి భవనం. 1729లో శంకుస్థాపన చేశారు. రెండు సభల కోసమే ప్రత్యేకంగా కట్టిన పార్లమెంటు భవనాల్లో ప్రపంచంలో ఇదే మొదటిదని చెబుతారు. అందులో కూర్చున్న సభ మాత్రం జనం సభ కాదు. మూడు వందల మంది సభ్యులూ ప్రొటెస్టంట్లే, ఎక్కువమంది భూస్వాములు. దేశంలో అత్యధికులు కేథలిక్కులు. వాళ్ళకి 1793 దాకా ఓటు లేదు, ఓటొచ్చాక కూడా ఆ సభలో కూర్చునే హక్కు లేదు. 1798లో తిరుగుబాటు వచ్చింది. దాన్ని అణిచాక లండన్ ప్రభుత్వం ఈ గొడవంతా ఎందుకని, పార్లమెంటునే ఎత్తేసి ఐర్లండ్‌ని బ్రిటన్‌లో కలిపేద్దామనుకుంది. ఆ పని చక్కబెట్టడానికి వైస్రాయిగా ఇక్కడున్నది ఎవరో తెలుసా? మన కార్న్‌వాలిస్.

బళ్ళో సాంఘికశాస్త్రం చదివినవాళ్ళందరికీ గుర్తుండే పేరే. అమెరికాలో యార్క్‌టౌన్ దగ్గర లొంగిపోయినవాడు, బెంగాల్లో 1793లో శాశ్వత శిస్తు పెట్టినవాడు, టిప్పు సుల్తాన్‌తో యుద్ధం చేసినవాడు. ఆ శాశ్వత శిస్తు పద్ధతి 1802 నుంచి మన ఉత్తర సర్కారుల్లోకి కూడా వచ్చింది. మా జిల్లాల్లో జమీందారీలు నూట యాభై ఏళ్ళు పాతుకుపోవడానికి ఆధారం అదే. అదే మనిషి ఇక్కడ ఒక పార్లమెంటు చేత దాని మరణశాసనం మీద దానితోనే సంతకం పెట్టించాడు. 1799లో సభ ఒప్పుకోలేదు. తర్వాత ఏడాది బిరుదులు, పింఛన్లు, పదవులు పంచారు. సీటు రద్దయిన పట్టణాలను చేతిలో పెట్టుకున్న పెద్దమనుషులకి ఒక్కో పట్టణానికి 15,000 పౌన్ల పరిహారం ఇచ్చారు. 1800లో బిల్లు పాసయింది. 1801 జనవరి 1 నుంచి ఐర్లండ్‌కి సొంత సభ లేదు. వంద మంది ఎంపీలు లండన్ వెళ్ళి కూర్చోవాలి. భవనాన్ని బ్యాంక్ ఆఫ్ ఐర్లండ్‌కి అమ్మేశారు. ఇప్పటికీ అది బ్యాంకే. చివరి స్పీకరు జాన్ ఫోస్టర్ మాత్రం సభ రాజదండాన్ని ఎవరికీ అప్పగించకుండా ఇంటికి పట్టుకుపోయాడట.

ఎమ్మెల్యేలని కొని ప్రభుత్వాలు పడగొట్టడం చూసిన మనకి ఇది కొత్త కథేమీ కాదు. ఇక్కడ ఏకంగా సభనే కొనేశారు, అదీ తేడా.

రెండో భవనానికి వెళ్ళేముందు 1913కి రావాలి. ఆ ఏడాది బరంపురం నుంచి పందొమ్మిదేళ్ళ తెలుగు కుర్రాడొకడు లా చదవడానికి డబ్లిన్‌లో దిగాడు. పేరు వరాహగిరి వెంకటగిరి. తండ్రి జోగయ్య పంతులుగారు బరంపురంలో పేరున్న వకీలు. మాది పలాస. మాకు బరంపురం పరాయి రాష్ట్రంలో ఉన్నా పక్క ఊరే, పెళ్ళిబట్టలు కొనడానికి రైలెక్కి వెళ్ళే ఊరు. మా తాత రైల్వేలో గ్యాంగ్‌మన్. ఆయన లెక్కలో గిరిగారు రాష్ట్రపతి కావడం తర్వాతి ముచ్చట, ముందు ఆయన రైల్వే యూనియన్ నాయకుడు. "గిరిగారు ఐర్లండ్‌లో సదివొచ్చినోడురా" అని తాత అంటుంటే ఐర్లండ్ అంటే ఇంగ్లండ్‌కే ఇంకో పేరనుకునేవాణ్ణి. ఉద్యోగం వచ్చి ఇక్కడికి బయల్దేరే రోజున కూడా ఆ మాట గుర్తు రాలేదు. సిగ్గుపడాల్సిన విషయమే.

గిరిగారు యూనివర్సిటీ కాలేజీలోనూ, బారిస్టర్లని తయారుచేసే కింగ్స్ ఇన్స్‌లోనూ చదివారు. యూనివర్సిటీ కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పిన మాస్టారు థామస్ మెక్‌డొనా అనే కవి. ఊళ్ళో జేమ్స్ కానలీ కార్మికులని కూడగడుతున్న రోజులవి. గిరిగారు దిగిన 1913లోనే డబ్లిన్ ఫ్యాక్టరీల యజమానులు యూనియన్‌లో చేరిన కార్మికుల్ని వేల సంఖ్యలో గేటు బయట పెట్టారు. 1916 ఏప్రిల్‌లో ఈస్టర్ సోమవారం నాడు తిరుగుబాటుదారులు నగరం మధ్యలో ఉన్న పెద్ద పోస్టాఫీసు ఆక్రమించి రిపబ్లిక్ ప్రకటించారు. వారం తిరగకుండా ఓడిపోయారు. ప్రకటన మీద సంతకం చేసిన ఏడుగురినీ కాల్చి చంపారు. మే 3న మెక్‌డొనా. మే 12న కానలీ. గాయాలతో నిలబడలేకపోతే కానలీని కుర్చీకి కట్టి కాల్చారు. పాఠం చెప్పిన మాస్టారిని ప్రభుత్వం కాల్చేస్తే పాతికేళ్ళు నిండని విద్యార్థికి ఏమనిపిస్తుందో మనం ఊహించుకోవాల్సిందే. గిరిగారి మీద కూడా పోలీసులకి అనుమానం ఉంది. జూన్‌లో ఆయన బారిస్టరయ్యారు, జూలై 1 కల్లా దేశం వదిలి పొమ్మని తాఖీదు అందుకున్నారు. తిరుగుబాటులో ఆయన చెయ్యి ఎంతుందన్నది పెంచి చెప్పుకోనక్కర్లేదు. ఇక్కడ చూసింది ఆయన వెంట వెళ్ళింది, అది చాలు. బారిస్టరుగా వెళ్ళిన మనిషి బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల నాయకుడయ్యాడు. 1937 ఎన్నికల్లో బొబ్బిలిలో సాక్షాత్తూ బొబ్బిలి రాజాగారిని ఓడించాడు. కార్న్‌వాలిస్ పద్ధతి నిలబెట్టిన జమీందారీ వ్యవస్థకి మా వైపు ఓటుతో తగిలిన మొదటి పెద్ద దెబ్బల్లో అదొకటి. కొట్టినవాడు డబ్లిన్‌లో చదువుకున్నవాడు.

ఇప్పుడు రెండో భవనం. డాసన్ స్ట్రీట్‌లో మాన్షన్ హౌస్. నగర మేయరు నివాసం. దాని పక్కన గుండ్రటి హాలొకటి ఉంది. 1821లో ఇంగ్లండు రాజు నాలుగో జార్జి వస్తున్నాడని ఆయన మర్యాద కోసం కట్టారు. 1918 డిసెంబరు ఎన్నికల్లో ఐర్లండ్‌లోని 105 సీట్లలో 73 షిన్ ఫేన్ పార్టీ గెలిచింది. గెలిచినవాళ్ళు లండన్ వెళ్ళమన్నారు. 1919 జనవరి 21న ఆ గుండ్రటి హాల్లోనే కూర్చుని ఇదే మా పార్లమెంటు అన్నారు. అదే మొదటి డాల్.

ఆ రోజు హాజరు పిలిచిన తీరు నాకు చాలా ఇష్టం. గెలిచిన అందరి పేర్లూ పిలిచారు. బ్రిటన్‌తోనే ఉంటామన్న యూనియనిస్టుల పేర్లు కూడా. వాళ్ళు రారని అందరికీ తెలుసు, అయినా పిలిచారు. షిన్ ఫేన్ సభ్యుల్లో చాలామంది ఇంగ్లండు జైళ్ళలో ఉన్నారు. పేరు పిలవగానే "విదేశీయుల చెరలో" అని ఐరిష్‌లో జవాబు, మళ్ళీ పేరు, మళ్ళీ అదే జవాబు. హాల్లో నిజంగా ఉన్న సభ్యులు ముప్పై మందికి లోపే. జైల్లో ఉన్నవాళ్ళలో డి వలేరా ఉన్నాడు. బ్రిటిష్ పార్లమెంటుకి ఎన్నికైన మొట్టమొదటి మహిళ కాన్‌స్టన్స్ మార్కియెవిచ్ ఉంది. మైకేల్ కాలిన్స్ పేరుకి మాత్రం హాజరు పడింది. మనిషి సభలో లేడు. డి వలేరాని జైలు నుంచి తప్పించే ఏర్పాట్ల కోసం ఇంగ్లండులో ఉన్నాడు. ఇంజనీరింగ్ కాలేజీలో నా రూమ్మేట్‌కి నేను పలికిన ప్రాక్సీలు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఇది దేశం కోసం వేసిన ప్రాక్సీ.

రెండు గంటల్లో సభ ముగిసింది. స్వాతంత్ర్య ప్రకటన చదివారు. పిల్లలు ఆకలితోనూ చలితోనూ ఉండకుండా చూడటం ప్రభుత్వపు మొదటి బాధ్యత అనే అర్థం వచ్చే ప్రజాస్వామ్య కార్యక్రమం ఒకటి చదివారు. ఖజానా లేదు, పోలీసు లేదు, సొంత భవనం కూడా లేదు. అదే రోజు టిప్పరరీ జిల్లాలో ఇద్దరు పోలీసుల్ని కాల్చి చంపారు. స్వాతంత్ర్య యుద్ధం అక్కడ మొదలైందని లెక్క. సెప్టెంబరు కల్లా డాల్‌ని నిషేధించారు. అయినా దొంగచాటుగా కూర్చుంటూనే ఉంది. సొంత కోర్టులు పెట్టింది, జనం తగాదాలు పట్టుకుని వాటికే వెళ్ళారు.

ఇంతవరకూ వీరగాథ. తర్వాతిది కష్టమైన భాగం. 1921 డిసెంబరు 6న లండన్‌లో ఒప్పందం కుదిరింది. ఐర్లండ్‌కి రాజుగారి గొడుగు కింద స్వపరిపాలన. ఉత్తరాన ఆరు కౌంటీలు బ్రిటన్‌తోనే. సభ్యులు రాజుకి విధేయత ప్రమాణం చెయ్యాలి. దీని మీద డాల్ వారాల తరబడి చర్చించింది, అదీ గిరిగారు చదివిన యూనివర్సిటీ కాలేజీ భవనంలో. 1922 జనవరి 7న ఓటింగ్: అనుకూలం 64, వ్యతిరేకం 57. ఏడు ఓట్ల తేడా. ఓడిపోయిన వైపు ఒప్పుకోలేదు. జూన్ నుంచి అంతర్యుద్ధం. ఒకే జైల్లో పడుకున్నవాళ్ళు ఒకరినొకరు కాల్చుకున్నారు. ఆగస్టు 22న కాలిన్స్ హతుడయ్యాడు. కొత్త ప్రభుత్వం తన పాత సహచరుల్లో 70 మందికి పైగా మరణశిక్ష అమలు చేసింది.

ఆ మంటల మధ్యే 1922 సెప్టెంబరులో కొత్త డాల్ మూడో భవనంలో కూర్చుంది. కిల్డేర్ స్ట్రీట్‌లో లెన్‌స్టర్ హౌస్, ఒకప్పుడు ఒక పెద్ద జమీందారు కట్టుకున్న మేడ. అప్పటికి రాయల్ డబ్లిన్ సొసైటీ చేతిలో ఉండేది. వాళ్ళ ఉపన్యాసాల హాలే సభామందిరం అయింది. తాత్కాలికం అనుకున్నారు. నూరేళ్ళు దాటినా అక్కడే ఉంది. అమరావతి తాత్కాలిక భవనాల గురించి బెంగపడేవాళ్ళకి ఈ మాట కొంత ఊరట.

ఓడిన డి వలేరా వర్గం అయిదేళ్ళు సభలో అడుగుపెట్టలేదు. 1927లో, ప్రమాణం వట్టి మాటల తంతు అని తమకి తాము సర్దిచెప్పుకుని, పుస్తకంలో సంతకం పెట్టి లోపలికి వచ్చారు. 1932లో ఎన్నికలు గెలిచారు. పదేళ్ళ కిందట తమని జైల్లో పెట్టినవాళ్ళు అధికారం అప్పగిస్తారన్న నమ్మకం లేక కొందరు జేబుల్లో పిస్తోళ్ళు పెట్టుకుని సభకి వచ్చారని చెప్పుకుంటారు. వాటి అవసరం పడలేదు. కాస్‌గ్రేవ్ లేచి కుర్చీ ఇచ్చేశాడు. ఈ సభ చరిత్రలో అన్నిటికన్నా గొప్ప రోజేదంటే నేను 1919 అనను, ఇదే అంటాను. గెలిచి పుట్టిన సభలు చాలా ఉన్నాయి. అంతర్యుద్ధంలో ఓడినవాళ్ళని పదేళ్ళకే గద్దె మీద కూర్చోనిచ్చినవి తక్కువ.

1937లో డి వలేరా కొత్త రాజ్యాంగం తెచ్చాడు. అది మనకి తెలియకుండానే మనింట్లో ఉంది. మన రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావుగారు 1947 చివర్లో డబ్లిన్ వచ్చి డి వలేరాని కలిశారు. పోటీ పరీక్షలు రాసేవాళ్ళంతా బట్టీ పట్టే ఆదేశిక సూత్రాలు ఇక్కడి 45వ అధికరణం నమూనాలోవి. రాజ్యసభకి 12 మందిని నామినేట్ చెయ్యడం కూడా ఇక్కడి ఎగువ సభను చూసి తీసుకున్నదే. షానద్‌లో 60 మంది సభ్యులైతే 11 మందిని టీషక్ నామినేట్ చేస్తాడు.

ఆ ఎగువ సభ కథ వింటే మన మండలి కథే అనిపిస్తుంది. 1922లో పెట్టిన మొదటి షానద్‌లో కవి యేట్స్ కూడా సభ్యుడే. డి వలేరా అధికారంలోకి వచ్చాక ఆ సభ ఆయన బిల్లులకి అడ్డం పడింది. విసిగి 1936లో దాన్ని రద్దు చేశాడు. మరుసటేడు తన రాజ్యాంగంలో తనే మళ్ళీ పెట్టాడు. 2013లో ఇంకో ప్రభుత్వం అసలెందుకీ సభ, ఖర్చు దండగ అని రద్దుకి జనాభిప్రాయం అడిగింది. జనం 51.7 శాతంతో వద్దన్నారు. మన దగ్గర ఎన్టీఆర్ 1985లో మండలిని రద్దు చేశారు, 2007లో తిరిగొచ్చింది, 2020లో మళ్ళీ రద్దుకి తీర్మానం చేశారు, 2021లో ఆ తీర్మానం వెనక్కి తీసుకున్నారు. తేడా ఒక్కటే. ఇక్కడ ఉంచాలా తీసెయ్యాలా అన్నది చివరికి జనాన్ని అడిగారు.

ఇక ఆ పెద్దాయన అడిగిన రెండో ఓటు సంగతి. గ్రాడ్యుయేట్ ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఓటేసినవాళ్ళకి ఇది తెలిసిందే. 2021లో హైదరాబాద్–రంగారెడ్డి–మహబూబ్‌నగర్ స్థానానికి 93 మంది పోటీ చేస్తే బ్యాలెట్ పేపరు దినపత్రికంత అయింది, లెక్కింపు రోజుల తరబడి సాగింది. అక్కడ మీరు అంకెలు వేశారు కదా, 1, 2, 3 అని? ఇక్కడ పార్లమెంటు నుంచి మునిసిపాలిటీ దాకా అన్నిటికీ అదే పద్ధతి. తేడా ఏమిటంటే ఒక్కో నియోజకవర్గం నుంచి ముగ్గురు, నలుగురు, లేదా అయిదుగురు ఎన్నికవుతారు. బోమాంట్ ఉన్న డబ్లిన్ బే నార్త్‌లో అయిదుగురు. చెల్లిన ఓట్లని ఆరుతో భాగించి ఒకటి కలిపితే కోటా. అది దాటినవాడు గెలిచినట్టు. దాటాక మిగిలిన అదనపు ఓట్లు వాటి మీద రాసిన తర్వాతి ప్రాధాన్యత ప్రకారం పక్కవాళ్ళకి పోతాయి. అందరికన్నా వెనకబడ్డవాణ్ణి తీసేసి వాడి ఓట్లనీ అలాగే పంచుతారు. అయిదు కుర్చీలూ నిండేదాకా ఇదే పని. అందుకే ఇక్కడ పక్క పార్టీవాణ్ణి మరీ తిట్టిపోస్తే నష్టం. వాడి ఓటరు రెండో అంకె మనకి కావాలి.

ఈ పద్ధతిని తెచ్చింది బ్రిటిష్‌వాళ్ళే. 1920లో స్థానిక ఎన్నికల్లో పెట్టారు, మైనారిటీలకి కూడా చోటుండాలని. స్వతంత్రం వచ్చాక మైనారిటీలంటే ఎవరో తెలుసుగా, నిన్నటి దొరలూ వాళ్ళ మనుషులూ. అయినా కొత్త దేశం దాన్ని తీసెయ్యలేదు. పెద్ద పార్టీ తనకి లాభమని రెండుసార్లు, 1959లోనూ 1968లోనూ, ఎత్తేద్దామని జనాన్ని అడిగింది. రెండుసార్లూ జనం కుదరదన్నారు.

మన రాష్ట్రపతి ఎన్నికకీ ఇదే పద్ధతి. అది ఒకే ఒక్కసారి నిజంగా పనిలో పడింది. 1969 ఆగస్టులో. పోటీ ప్రధానంగా ఇద్దరు తెలుగువాళ్ళ మధ్య: కాంగ్రెస్ అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, ఇండిపెండెంటుగా నిలబడ్డ వి.వి. గిరి. మూడో మనిషి సి.డి. దేశ్‌ముఖ్. కోటా 4,18,169. మొదటి లెక్కలో గిరిగారికి 4,01,515, రెడ్డిగారికి 3,13,548, దేశ్‌ముఖ్‌గారికి 1,12,769. ఎవరూ దాటలేదు. రెండో ప్రాధాన్యతలు తీశారు. వాటిలో ఎక్కువ భాగం రెడ్డిగారికే వెళ్ళింది, కానీ గిరిగారికి కావలసింది కొంచెమే. ఆ కొంచెం వచ్చింది. 4,20,077తో ఆయన గట్టెక్కారు, రెడ్డిగారు 4,05,427 దగ్గర ఆగిపోయారు. డబ్లిన్ నుంచి వెళ్ళగొట్టించుకున్న కుర్రాడు యాభై మూడేళ్ళ తర్వాత, డబ్లిన్‌లో వీధివీధినా లెక్కపెట్టే పద్ధతిలోనే, రాష్ట్రపతి అయ్యాడు.

నేను ఐటీవాణ్ణి కాబట్టి ఒక్క ముక్క. ఈ లెక్కలన్నీ ఇప్పటికీ ఇక్కడ చేత్తోనే చేస్తారు. 2002లో మూడు నియోజకవర్గాల్లో ఎలక్ట్రానిక్ యంత్రాలు వాడి చూశారు. డబ్లిన్ నార్త్‌లో మాజీ మంత్రి నోరా ఓవెన్‌కి, ఆవిడ కాలిన్స్‌కి మనవరాలి వరస, ఓడిపోయిన సంగతి ముందస్తు సూచనేమీ లేకుండా ఒక్కసారిగా వేదిక మీద తెలిసింది. జనానికి అది నచ్చలేదు. ఆ యంత్రాల్ని నమ్మవచ్చని నిపుణుల సంఘమూ హామీ ఇవ్వలేకపోయింది. అయిదు కోట్ల యూరోలకి పైగా పోసి కొన్న ఏడున్నర వేల యంత్రాలు గోదాముల్లో పడి ఉండి, 2012లో దాదాపు 70 వేల యూరోలకి తుక్కు కింద పోయాయి. ఇప్పుడు డబ్లిన్ ఓట్లన్నీ రాయల్ డబ్లిన్ సొసైటీ హాళ్ళలో బల్లల మీద పరిచి రెండు మూడు రోజులు లెక్కిస్తారు. పార్టీల మనుషులు కటకటాల మీద వాలి ఒక్కో కాగితం చూస్తూ తమ నోటుపుస్తకాల్లో గీతలు గీసుకుంటారు. నెమ్మదైన పనే. ఓడినవాడు ఎందుకు ఓడాడో కళ్ళారా చూసి వెళ్తాడు.

ఇప్పుడు డాల్‌లో 174 మంది. మన ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 175. ఇక్కడ 2022 జనాభా లెక్కల ప్రకారం ఒక్కో సభ్యుడికి దాదాపు 30 వేల మంది. మన దగ్గర ఒక ఎమ్మెల్యేకి మూడు లక్షలకి కాస్త తక్కువ. వానలో తడుస్తూ మా తలుపు కొట్టడం ఆయన మంచితనమే కాదు, లెక్క కూడా అందుకు వీలిస్తుంది.

ఈ దేశంలో నివాసం ఉంటున్న పెద్దవాళ్ళందరికీ, ఏ పాస్‌పోర్టయినా, స్థానిక ఎన్నికల్లో ఓటుంది. 2024 జూన్ 7న నేనూ మా ఆవిడా వేశాం. నెల ముందే మే 13న మన ఎన్నికలకి టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళలేక టీవీ ముందు కూర్చున్నవాళ్ళం. పెన్సిలుతో 1, 2, 3 రాస్తుంటే చెయ్యి కొంచెం వణికింది. డాల్‌కి వెయ్యాలంటే మాత్రం పౌరసత్వం కావాలి. అది తీసుకున్న రోజు ఇండియన్ పాస్‌పోర్టు ఇచ్చెయ్యాలి. మన చట్టం రెండిటినీ ఒప్పుకోదు.

2025 వేసవిలో ఈ నగరంలో మనవాళ్ళ మీద వరసగా దాడులు జరిగాయి. తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో రాత్రిళ్ళు ఒంటరిగా తిరగొద్దని మెసేజ్‌లు. మా ఆవిడ నైట్ షిఫ్టు నుంచి ఇంటికొచ్చేదాకా నేను మేలుకునే ఉండేవాణ్ణి. ఒక రాత్రి అలా కూర్చుని మా నియోజకవర్గం టీడీలకి మెయిల్ రాశాను. నాకు మీ ఎన్నికల్లో ఓటు లేదని మొదటి వాక్యంలోనే రాశాను. రెండు రోజుల్లో జవాబొచ్చింది, ఫోను నంబరుతో సహా. దానివల్ల వీధులు మారిపోలేదు. కానీ మొదటి డాల్‌లో రానివాళ్ళ పేర్లు కూడా ఎందుకు పిలిచారో ఆ రోజు నాకు కొంచెం అర్థమయింది.

నిజం చెప్పాలంటే నాకు ఐర్లండ్ మొదటి ప్రాధాన్యత కాదు. అమెరికా వీసా లాటరీలో మూడేళ్ళు పేరు రాక ఇటు వచ్చినవాణ్ణి. ఇక్కడ ఉన్న మనవాళ్ళలో చాలామంది కథ ఇదే. అసలు మొదటి అంకె ఎప్పుడూ పలాసదే, దాని పక్కన ఇంకేం రాసినా రెండోదే అవుతుంది. కానీ ఈ లెక్కల పద్ధతి చదివాక ఒకటి తెలిసింది. మొదటి అంకె ఒక్కటే వేసి మిగతా గళ్ళు ఖాళీగా వదిలేస్తే, ఆ అభ్యర్థి పోటీలోంచి పోగానే కాగితాన్ని పక్కన పెట్టేస్తారు. ఆ తర్వాత ఎన్ని రౌండ్లు జరిగినా అందులో మన మాట ఉండదు.

పౌరసత్వం దరఖాస్తు ఆన్‌లైన్లో సగం నింపి ఏడాదయింది. ఇంకా సబ్మిట్ నొక్కలేదు. నాన్నకి ఫోనులో చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గిరిగారిని పొమ్మన్న దేశం నిన్ను ఉండమంటోందా?" అన్నాడు. వచ్చే ఎన్నికల్లోపు ఆ పెద్దాయన మళ్ళీ మా తలుపు కొడతాడు. ఆయనకి ఏదో ఒక జవాబు చెప్పాలి.